కారు ఏసీ చల్లబడటం లేదా? గ్యాస్ పట్టించే ముందు ఇంటి దగ్గరే చూసుకోవలసినవి

ఏప్రిల్ వచ్చిందంటే శ్రీకాకుళంలోనైనా, విజయనగరంలోనైనా కారు ఏసీ బాగుచేసే షెడ్ల ముందు బండ్లు బారులు తీరుతాయి. అక్కడ దాదాపు ప్రతి బండికీ వినిపించే తీర్పు ఒక్కటే: "గ్యాస్ అయిపోయిందండి, పట్టించాలి." ఆ మాట నమ్మి నేను వరుసగా మూడు వేసవులు గ్యాస్ పట్టించుకున్నాను. పట్టించిన నెలా రెండు నెలలు చల్లగా ఉండేది, ఆ తరవాత కథ మళ్లీ మొదటికి వచ్చేది. నాలుగో ఏడు విసుగెత్తి నేనే బోనెట్ ఎత్తి, ముందు జాలీ విప్పి చూస్తే సంగతి రెండు చోట్ల బయటపడింది. ఏసీ గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కూ, ఇంజిన్‌ను చల్లబరిచే రేడియేటర్‌కూ మధ్య మినప పొట్టు చాపలా అల్లుకుపోయి ఉంది. సన్నపైపు జాయింటు దగ్గర అరచేయంత జిడ్డు మరక ఉంది. మొదటిది నీళ్లతో పోయింది, రెండోది ఒక చిన్న రబ్బరు రింగుతో పోయింది.

మీరు ముందుగా మనసులో పెట్టుకోవలసిన విషయం ఇది: ఏసీలో గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరిగి తిరిగి అదే గ్యాస్ పనిచేస్తుంది. రబ్బరు గొట్టాల గుండా, కంప్రెషర్ ముందుండే సీలు గుండా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గడం సహజమే గానీ, ఏటేటా తగ్గుతోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు వెతకకుండా గ్యాస్ పట్టించడం చిల్లికుండలో నీళ్లు పోయడమే.

లోపల జరిగేదేమిటో నాలుగు మాటల్లో తెలుసుకుంటే తరవాతి పని తేలికవుతుంది. ఇంజిన్ బెల్టుతో తిరిగే కంప్రెషర్ గ్యాస్‌ను నొక్కుతుంది, నొక్కగానే అది బాగా వేడెక్కుతుంది. ఆ వేడి గ్యాస్ బండి ముందుభాగంలో రేడియేటర్‌కు ఎదురుగా ఉన్న కండెన్సర్‌లోకి వెళ్లి, బయటి గాలికి తన వేడిని వదిలి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం డ్రయ్యర్ గుండా వెళ్లి తేమను వదిలించుకుని, ఎక్స్‌పాన్షన్ వాల్వు అనే సన్నని దారిలో దూరి, ఒక్కసారిగా ఒత్తిడి తగ్గడంతో డ్యాష్‌బోర్డు వెనకనున్న కూలింగ్ కాయిల్‌లో మరుగుతుంది. మన దగ్గర ఎక్కువ కార్లలో ఉండే ఆర్-134ఎ గ్యాస్ మామూలు వాతావరణ ఒత్తిడిలో సున్నాకు 26 డిగ్రీలు దిగువనే మరుగుతుంది. అలా మరగడానికి కావలసిన వేడిని అది కారులోని గాలి నుంచి లాక్కుంటుంది, అదే మనకు తెలిసే చల్లదనం. కాబట్టి చల్లదనం తగ్గడానికి కారణం గాలి ఆడకపోవడమో, కరెంటు అందకపోవడమో, గ్యాస్ తగ్గడమో అయివుంటుంది. మొదటి రెండూ మీ వాకిట్లో మీరే చూసుకోగలరు. అందుకే ఈ వరుసలోనే వెళ్లండి.

పనికి దిగే ముందు

కావలసిన సామాను పెద్దదేమీ కాదు. స్టార్ స్క్రూడ్రైవరు, పది నంబరు, పన్నెండు నంబరు స్పానర్లు, మంచి టార్చిలైటు, మెత్తని పెయింటు బ్రష్షు, తోటకు నీళ్లు పట్టే పైపు, ఒక మల్టీమీటరు, ఒక డిజిటల్ థర్మామీటరు ఉంటే చాలు. జ్వరం చూసుకునే థర్మామీటరు ఇందుకు పనికిరాదు, ఫ్రిజ్‌లో పెట్టే రకం తీసుకోండి.

హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. ఇంజిన్ నడిపి చూడవలసిన పనులన్నీ ఆరుబయటే చెయ్యాలి. తలుపు మూసిన షెడ్డులో ఇంజిన్ పొగ ప్రాణం తీస్తుంది. భుజం మీద తువ్వాలు, వదులుగా కట్టిన లుంగీ, మెడలో గొలుసు, ఈ మూడింటినీ ఇంట్లో వదిలి రండి. ఇంజిన్ ఆపేసినా వేడిని బట్టి రేడియేటర్ ఫ్యాను దానంతటదే తిరగగలదు కనుక, చెయ్యి పెట్టి చేసే పనులకు ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పండి. కొన్ని హైబ్రిడ్ కార్లలోనూ, ఎలక్ట్రిక్ కార్లలోనూ కంప్రెషర్ పెద్ద వోల్టేజీ మీద నడుస్తుంది. నారింజరంగు వైర్లున్న ఆ బండ్లలో ఫిల్టరు మార్చడం, బయటి దుమ్ము కడగడం తప్ప మరే పనీ ఇంట్లో పెట్టుకోవద్దు.

పది నిమిషాల పరీక్ష

బండిని నీడలో నిలిపి, అద్దాలన్నీ మూసి, గాలి లోపలే తిరిగే మీట నొక్కి, బ్లోయర్‌ను పై స్పీడులో, చల్లదనాన్ని గరిష్ఠంలో పెట్టండి. థర్మామీటరు కొసను డ్యాష్‌బోర్డు మధ్య జాలీలో గుచ్చి, ఎవరినైనా యాక్సిలేటరు మీద కాలు ఆనించమని, ఇంజిన్‌ను నిమిషానికి 1,500 చుట్ల దగ్గర పది నిమిషాలు నడపండి. బయట 35 డిగ్రీలున్న రోజున జాలీ దగ్గర 8 నుంచి 12 డిగ్రీలు చూపిస్తే ఏసీలో తప్పు లేనట్టే. 16 దాటితే వెతకవలసిందే. ఇక్కడొక మాట. కళింగపట్నం, భావనపాడు వంటి తీరపు ఊళ్లలో గాలిలో తడి ఎక్కువ. కాయిల్ తన బలంలో చాలాభాగాన్ని ఆ తడిని నీరుగా మార్చడానికే ఖర్చు పెడుతుంది. అదే బండి అదే వేడిలో బొబ్బిలి వైపు పొడిగాలిలో మరికాస్త చల్లగా అనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. బండి కింద నీళ్లు ధారగా కారుతున్నాయంటే కాయిల్ తన పని తాను చేస్తోందని అర్థం.

అంకెతోపాటు లక్షణాన్ని కూడా పట్టుకోండి. జాతీయ రహదారి మీద చల్లగా ఉండి, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనో, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరో బండి ఆగగానే వేడిగాలి కొడుతోందంటే అనుమానం కండెన్సర్ మీదా, దాని ఫ్యాను మీదా పెట్టుకోవాలి, ఎందుకంటే బండి నడుస్తున్నప్పుడు ఎదురుగాలి చేసే పనిని నిలబడినప్పుడు ఫ్యానే చెయ్యాలి. మొదట చల్లగా ఉండి, అరగంట తరవాత గాలి జోరు తగ్గిపోయి, కాసేపు ఆపి వేస్తే మళ్లీ బాగుంటే కాయిల్ మీద మంచు కడుతోందన్నమాట. బ్లోయర్ ఆఖరి స్పీడులో మాత్రమే తిరిగి మిగతా స్పీడుల్లో కదలకపోతే దాని వేగాన్ని తగ్గించే రెసిస్టరు కాలిపోయింది. అది ఎక్కువ బండ్లలో ఎడమ సీటు ముందు, డ్యాష్‌బోర్డు కింద రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది, మార్చడం పావుగంట పని. కంప్రెషర్ నాలుగైదు సెకన్లకోసారి టక్‌మని తగులుకుంటూ వదులుతూ ఉంటే గ్యాస్ తక్కువైందని అనుమానించవచ్చు.

మరొక సులువు పరీక్ష చేతి స్పర్శ. ఏసీ పది నిమిషాలు నడిచాక ఇంజిన్ ఆపి, ఇంజిన్‌కూ డ్యాష్‌బోర్డుకూ మధ్యనున్న ఇనుప గోడ దగ్గర రెండు అల్యూమినియం పైపులు పట్టుకుని చూడండి. లావుపాటిది చల్లగా, చెమట పట్టి ఉండాలి. సన్నది వెచ్చగా ఉండాలి, చుర్రుమనవచ్చు కూడా, అందుకని గబుక్కున పట్టుకోవద్దు. లావు పైపు బాగా చల్లగా ఉండి కూడా లోపల గాలి చల్లగా లేదంటే తప్పు గ్యాస్‌ది కాదు. హీటర్ వేడిగాలి కలుస్తున్నదో, ఫిల్టరు పూడుకుపోయిందో అయివుంటుంది. హీటర్ మీటను అటూ ఇటూ చివరిదాకా తిప్పి, దానికున్న తీగ ఊడిపోలేదు కదా అని చూడండి.

ఫిల్టరు: అందరూ మరిచిపోయేది

చాలా కార్లలో క్యాబిన్ ఫిల్టరు ఎడమవైపు గ్లవ్ బాక్సు వెనక ఉంటుంది. బాక్సులో సామాను తీసేసి, రెండు పక్కల గోడలనూ లోపలికి నొక్కి కిందికి వంచితే అది కొక్కేల మీద నుంచి జారి వేలాడుతుంది. దాని వెనక అడ్డంగా ఒక ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. మూత రెండు చివర్ల మీటలు నొక్కి లాగితే ఫిల్టరు సొరుగులా బయటికి వస్తుంది. మెల్లగా, చదునుగా లాగండి. వంచి లాగితే పైనున్న చెత్త అంతా బ్లోయర్‌లో పడి, రేపటి నుంచి అది గరగరమని చప్పుడు చేస్తుంది.

మా బండి చాలాకాలం చింతచెట్టు నీడన ఉండేది. మామిడాకు ముందద్దం కింది జాలీ మీదే ఆగిపోతుంది, చేత్తో తీసి పారేయవచ్చు. చింతాకు అలా కాదు, దాని చిన్న ఆకు ముక్కలు జాలీ కన్నాల్లో సునాయాసంగా దిగిపోతాయి. నేను ఫిల్టరు బయటికి లాగినప్పుడు మడతకూ మడతకూ మధ్య ఎండిన చింతాకు దోసెడుంది, దాని కింద ఎర్రమట్టి పేరుకుని ఉంది, ఒక మూలన ఎలుక కొరికి తెచ్చుకున్న గోనెపీచు కూడా ఉంది. ఆ ఫిల్టరును వెలుగుకు అడ్డం పెడితే అవతల ఏమీ కనిపించలేదు. మీరూ అలాగే ఎండకు పెట్టి చూడండి. వెలుతురు కనిపించకపోతే మార్చెయ్యండి. దులిపి పెట్టడం ఒకటి రెండు నెలలకు పనికొస్తుంది గానీ, కడగడం మాత్రం వద్దు, కాగితంలాంటి ఆ గుడ్డ నీళ్లకు ముద్దయిపోతుంది. కొత్తది పెట్టేటప్పుడు దాని అంచు మీద గాలి వెళ్లే దిక్కు చూపే బాణం గుర్తును పాతదానితో సరిచూసుకోండి. ఫిల్టరు తీసి ఉన్నప్పుడే టార్చి వేసి లోపలి బ్లోయర్ రెక్కలు చూడండి. ఎలుక గూడు ఉంటే ఇప్పుడే తియ్యండి.

ఇంటి పక్కనే ధాన్యం నిల్వ ఉన్నవారు ఎలుకల విషయంలో మరింత కనిపెట్టి ఉండాలి. అవి ఫిల్టరుతో ఆగవు, బోనెట్ కింద వైర్లు కూడా కొరుకుతాయి.

కండెన్సర్ కడగడం

మన జిల్లాల్లో ఏసీకి వచ్చే జబ్బుల్లో సగం ఇక్కడే ఉందని నా అనుభవం. వరి కోతల తరవాత మినుములూ, పెసలూ, ఉలవలూ చేతికొచ్చే రోజుల్లో పల్లె రోడ్లే కళ్లాలవుతాయి. రోడ్డు మీద పరిచిన పైరు కట్టెల మీదుగా మనం బండి పోనిస్తాం. రైతుకు నూర్పిడి అవుతుంది, మన కండెన్సర్‌కు పొట్టు దక్కుతుంది. అది ఫిబ్రవరిలో, మార్చిలో చేరుతుంది, ఏప్రిల్ ఎండ ముదిరాక దాని ఫలితం తెలుస్తుంది. తీరప్రాంతం వారికి దీనికి తోడు ఉప్పుగాలి. ఉప్పు అల్యూమినియం రెక్కలను తెల్లటి పొడిగా తినేస్తుంది, చివరికి గొట్టానికే సూదిబెజ్జం పడుతుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక పని మొదలుపెట్టండి. వేడి లోహం మీద చన్నీళ్లు పోయవద్దు. బోనెట్ ఎత్తి, ముందు జాలీ పైఅంచున ఉన్న స్క్రూలూ, ప్లాస్టిక్ మరలూ విప్పండి. ప్లాస్టిక్ మరకు నడిమి పుల్లను స్క్రూడ్రైవరుతో కాస్త పైకి లేపితే అది వదులవుతుంది, మొత్తం పట్టి పెకిలిస్తే విరుగుతుంది. జాలీ తీశాక ముందు కనిపించే పలకే కండెన్సర్. దాని ముందువైపు శుభ్రంగా కనిపించినంత మాత్రాన మోసపోకండి. టార్చిని పైనుంచి కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులోకి వేసి, ముందు నుంచి చూడండి. రెక్కల మధ్య నుంచి వెలుగు సమంగా రావాలి. ఎక్కడ చీకటిగా ఉందో అక్కడ పొట్టు కూరుకుపోయి ఉంది.

మొదట పొడిగా ఉన్నప్పుడే బ్రష్షుతో రెక్కలున్న దిశలోనే, అంటే నిలువుగా, పైనుంచి కిందికి దువ్వండి. అడ్డంగా రుద్దితే కాగితమంత పలుచని ఆ రెక్కలు మడతపడి ఆ చోటంతా మూసుకుపోతుంది. తరవాత తేలికపాటి సబ్బునీళ్లు చల్లి పది నిమిషాలు నానబెట్టండి. చాకలి సోడా, యాసిడ్ వంటివి అల్యూమినియాన్ని తినేస్తాయి కనుక వాటి జోలికి వెళ్లవద్దు. ఇప్పుడు తోట పైపును వెనక సందులోకి వంచి, వెనక నుంచి ముందుకు నీళ్లు వదలండి. చెత్త ఏ దారిన వచ్చిందో ఆ దారినే వెళ్లిపోవాలి. ముందు నుంచి కొడితే అది ఇంకా లోపలికి దిగుతుంది. వాటర్ సర్వీసింగులో వాడే పెద్ద ప్రెషరు గన్ను దగ్గరగా పెట్టి కొట్టనివ్వవద్దు, రెక్కలన్నీ ఒక్క దెబ్బతో పడుకుంటాయి. కారే నీళ్లు తేటగా వచ్చేదాకా ఓపిక పట్టండి. నాకు రెండు గంటలు పట్టింది. మడతపడ్డ రెక్కలను పాత టూత్‌బ్రష్షు పిడితోనో, చదునైన వెదురు పుల్లతోనో ఒక్కొక్కటిగా నిలబెట్టవచ్చు.

జాలీ బిగించే ముందు ఏసీ వేసి ఫ్యాను చూడండి. చాలా చిన్న కార్లలో ఏసీ మీట నొక్కిన కొద్ది క్షణాల్లోనే ఫ్యాను తిరగడం మొదలవుతుంది. తిరగకపోతే ఫ్యూజు, రిలే (కరెంటును కలిపి, తెంచే చిన్న డబ్బీ), ఫ్యాను మోటారు, ఈ వరుసలో చూడాలి.

కంప్రెషర్ తగులుకుంటోందా

బెల్టుతో ఎప్పుడూ తిరుగుతూ ఉండే పుల్లీ ముందు ఒక గుండ్రని పలక ఉంటుంది. ఏసీ వేసినప్పుడు పుల్లీలోని తీగచుట్ట అయస్కాంతంగా మారి ఆ పలకను లాక్కుంటుంది, అప్పుడు టక్‌మని చప్పుడు వచ్చి పలక కూడా తిరుగుతుంది. ఒకరిని లోపల కూర్చోబెట్టి మీట నొక్కమని, మీరు దూరం నుంచి టార్చి వేసి చూడండి. కొన్ని కొత్త బండ్లలో క్లచ్ అనే ఈ ఏర్పాటు ఉండదు, అందులో పుల్లీ తిరుగుతున్నంత మాత్రాన ఏమీ తెలియదు.

పలక కదలకపోతే ముందు ఫ్యూజు చూసి, తరవాత రిలే చూడండి. ఫ్యూజు పెట్టె మూత మీద ఏది ఏదో రాసి ఉంటుంది. హారన్ రిలే మీద అదే నంబరుంటే రెండింటినీ తారుమారు చేసి చూస్తే ఏసీ రిలే సంగతి నిమిషంలో తేలిపోతుంది. అప్పటికీ పలక కదలకపోతే కంప్రెషర్ దగ్గర వైరు ప్లగ్గు విప్పి, ఏసీ వేసి ఉంచి, మల్టీమీటరుతో కొలవండి. అక్కడికి 12 వోల్టులు వస్తున్నాయీ అంటే తప్పు క్లచ్‌ది. తీగచుట్ట నిరోధం సాధారణంగా 3 నుంచి 5 ఓములు ఉంటుంది. మీటరు ఏమీ చూపకపోతే చుట్ట తెగిపోయింది. నిరోధం సరిగానే ఉండి, పొద్దున బాగా పనిచేసి, ఎండలో గంట నడిపాక మాత్రం పలక తగులుకోవడం మానేస్తే, పలక అరిగి పుల్లీకీ దానికీ మధ్య సందు పెరిగి ఉంటుంది. ఆ సందు మామూలుగా 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్లు ఉండాలి, మోటారు సైకిలు మెకానిక్కుల దగ్గరుండే ఫీలర్ గేజీతో కొలవవచ్చు. పలక నడిమి బోల్టు విప్పి పలకను లాగితే ఇరుసు మీద సన్నని ఉంగరాల్లాంటి షిమ్ములు ఉంటాయి. ఒకటి తీసి బిగిస్తే సందు తగ్గుతుంది. ఈ పనికి గ్యాస్ విప్పనక్కరలేదు. కంప్రెషర్ మొత్తం మార్చాలన్న సలహా విన్నవారు ఒకసారి ఈ షిమ్ము సంగతి అడిగి చూడండి.

వోల్టేజీయే రాకపోతే గ్యాస్ తక్కువై, దాని ఒత్తిడిని కనిపెట్టే ప్రెషరు స్విచ్చు కరెంటును ఆపి ఉండవచ్చు. ఈ స్విచ్చును వైరు ముక్కతో కలిపేసి కంప్రెషర్‌ను బలవంతంగా తిప్పడం కొందరికి అలవాటు, మీరు మాత్రం ఆ పని చేయవద్దు, ఎవరినీ చేయనివ్వవద్దు. కంప్రెషర్‌కు కావలసిన నూనె గ్యాస్‌తోపాటే తిరుగుతుంది. గ్యాస్ లేకుండా తిప్పితే అది పొడిగా రాసుకుని పట్టేస్తుంది, లోపలి లోహపు పొడి పైపులన్నింటికీ పాకుతుంది.

నీళ్లు, మంచు, వాసన

ఎడమ సీటు కింద చాప తడిసిందంటే కాయిల్ నీళ్లు బయటికి పోయే గొట్టం పూడుకుంది. బండి కిందనో, ఇంజిన్ గోడకో బొటనవేలంత రబ్బరు గొట్టం వేలాడుతూ ఉంటుంది. అందులో బురదో, కందిరీగ కట్టిన మట్టిగూడో ఉంటుంది. మెత్తని ప్లాస్టిక్ తీగతో అంగుళం రెండంగుళాల వరకే కెలకండి. ఇనుప ఊచ దూర్చితే కాయిల్‌కే బెజ్జం పడవచ్చు.

మంచు కట్టే జబ్బుకు మొదటి ముద్దాయి పూడుకుపోయిన ఫిల్టరే. ఫిల్టరు బాగుండి కూడా కడుతోందంటే కాయిల్ దగ్గరి సెన్సరును షెడ్డులో చూపించండి. పుల్లటి వాసనకు కారణం తడి కాయిల్ మీద పెరిగే బూజు. ఇంటికి చేరడానికి రెండు మూడు నిమిషాల ముందే ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం నడిపితే కాయిల్ ఆరుతుంది, వాసన చాలావరకు రాదు.

ఇక గ్యాస్ సంగతి

ఇంతవరకు చూసినవన్నీ సరిగా ఉంటే అప్పుడు లీకు వెతకండి. గ్యాస్ ఎక్కడ కారితే అక్కడ దానితోపాటు నూనె కూడా బయటికి వచ్చి, దుమ్ము పట్టి నల్లటి జిడ్డుగా కనిపిస్తుంది. పైపుల జాయింట్లు, రాళ్లు తగిలే కండెన్సర్ కింది మూలలు, కంప్రెషర్ ముందు పుల్లీ వెనకభాగం, గ్యాస్ పట్టే రెండు వాల్వుల మూతల లోపల వెతకండి. ఆ వాల్వుల్లో కారు టైరు వాల్వులో ఉండేలాంటి చిన్న పిన్నులుంటాయి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతుంది. మూత తీసి, చిక్కటి సబ్బు నురగ ఒక చుక్క వేసి రెండు నిమిషాలు చూడండి. బుడగ మెల్లగా ఉబ్బితే దొరికినట్టే. అనుమానమున్న జాయింట్లన్నింటికీ ఇదే చెయ్యండి, ఫోనులో ఫొటోలు తీసుకోండి.

ఇక్కడితో మీ చేతిపని ఆపెయ్యండి. డబ్బాలో గ్యాసూ, ఒక గొట్టమూ ఆన్‌లైనులో దొరుకుతున్నాయని సొంతంగా పట్టుకునేవారిని చూశాను, నాకది ఇష్టం లేదు. లోపల ఎంత మిగిలి ఉందో తెలియకుండా ఎంత కలపాలో ఎవరూ చెప్పలేరు. ఏసీ ఆపి ఉన్నప్పుడు గేజీ పెడితే 30 డిగ్రీల వేడిలో సుమారు 97 పీఎస్ఐ, 35 డిగ్రీల్లో సుమారు 114 పీఎస్ఐ చూపిస్తుంది. లోపల కొంచెం ద్రవం మిగిలి ఉన్నా అంతే, నిండుగా ఉన్నా అంతే. గ్యాస్‌ను కొలవవలసింది తూకంతోనే. పైగా చేతి మీద పడితే ద్రవం చర్మాన్ని గడ్డకట్టిస్తుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు, గాలిలోకి వదిలితే అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 1,400 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. చవగ్గా దొరుకుతుందని వంటగ్యాస్ కలిసిన మిశ్రమం పట్టేవారి దగ్గరికి అసలే వెళ్లవద్దు. కాయిల్ లీకైతే అది మీరు కూర్చున్న చోటికే వస్తుంది. లీకు మూసే మందు పోయించడానికి కూడా ఒప్పుకోవద్దు, అది సన్నని వాల్వునూ, షెడ్డువారి మిషనునూ పూడ్చేస్తుంది.

షెడ్డుకు వెళ్లేటప్పుడు బోనెట్ లోపలి స్టిక్కరు ఫొటో తీసుకుని వెళ్లండి. గ్యాస్ రకమూ, ఎన్ని గ్రాములు పట్టాలో దాని మీద ఉంటుంది. చిన్న కార్లకు చాలావరకు 350 నుంచి 500 గ్రాముల మధ్య ఉంటుంది. కొత్త బండి అయితే ఆర్-1234వైఎఫ్ అనే వేరే గ్యాస్ ఉండవచ్చు, దానికి వేరే మిషను కావాలి. మీరు అక్కడే నిలబడి, మర్యాదగానే, నాలుగు సంగతులు అడగండి. పాత గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా మిషనుతో లాగి తూచాలి, ఎన్ని గ్రాములు తక్కువైందో అప్పుడే తెలుస్తుంది. లీకు పరీక్షకు టైర్లకు కొట్టే గాలి కాక నైట్రోజన్ వాడాలి. విప్పిన జాయింటులో పాత రింగును మళ్లీ పెట్టకుండా, ఈ గ్యాస్‌కు తగిన కొత్త రింగును ఏసీ నూనెతో తడిపి పెట్టాలి. లోపలి భాగాలు చాలాసేపు గాలికి తెరిచి ఉంటే డ్రయ్యర్ కూడా మార్చాలి, ఎందుకంటే మన తీరపు తడిగాలికి అందులోని తేమను పీల్చే గుళికలు త్వరగా నిండిపోతాయి.

వీటన్నింటికంటే ముఖ్యం వ్యాక్యూమ్, అంటే గ్యాస్ పట్టే ముందు గొట్టాల్లోని గాలిని పంపుతో లాగెయ్యడం. ఐదు నిమిషాలు పంపు నడిపి "అయిపోయిందండి" అనేవారున్నారు. వ్యాక్యూమ్ పట్టేది గాలిని తియ్యడానికే కాదు, లోపలి తడిని మరిగించి ఆవిరిగా లాగెయ్యడానికి. 30 డిగ్రీల వేడిలో నీరు మరగాలంటే గేజీ సున్నా కింద సుమారు 28.7 అంగుళాలు (పాదరసం కొలత) దాటి దిగాలి. వానాకాలం చల్లటి రోజున ఇంకా లోతుకు వెళ్లాలి. కనీసం అరగంట పంపు నడిపి, ఆపి, మరో పావుగంట ముల్లు కదలకుండా ఉందో లేదో చూడాలి. ముల్లు వెనక్కి వస్తోందంటే లీకు ఇంకా ఉంది. అటువంటప్పుడు గ్యాస్ పట్టించకుండా ఆపించండి.

పట్టించాక గేజీలను తీయకముందే ఏసీ నడిపించి చూడండి. 35 డిగ్రీల రోజున తక్కువ ఒత్తిడి వైపు చూపే నీలం గేజీ 35 నుంచి 50 పీఎస్ఐ, ఎక్కువ ఒత్తిడి వైపు చూపే ఎర్ర గేజీ 200 నుంచి 275 పీఎస్ఐ మధ్య ఉండటం, బండిని బట్టి కాస్త అటూ ఇటూగా, మామూలు. రెండూ బాగా ఎక్కువగా ఉంటే గ్యాస్ ఎక్కువ పట్టారు, లేదా కండెన్సర్‌కు గాలి అందడం లేదు. నీలం ఎక్కువగా, ఎరుపు తక్కువగా ఉంటే కంప్రెషర్ నీరసించింది. నీలం సున్నా కిందికి పోతుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర దారి మూసుకుంది. రెండు వాల్వుల ప్లాస్టిక్ మూతలూ లోపలి రబ్బరుతో సహా బిగించారో లేదో మీరే చూసుకోండి.

ఇంటికి వచ్చాక పది నిమిషాల పరీక్ష మళ్లీ చేసి, జాలీ దగ్గరి డిగ్రీలూ, బయటి ఎండా, పట్టిన గ్రాములూ, తేదీ ఒక చీటీ మీద రాసి సర్వీసు పుస్తకంలో అంటించండి. వచ్చే ఏడు మళ్లీ ఎవరైనా గ్యాస్ అయిపోయిందంటే ఆ అంకెలే మీకు సాక్ష్యం. సంక్రాంతి చలిలో ఏసీ అక్కరలేదని నెలల తరబడి ఆపి ఉంచవద్దు. వారానికోసారి పది నిమిషాలు నడిపితే కంప్రెషర్ సీలు నూనెతో తడిగా ఉండి, ఎండిపోయి పగలకుండా నిలుస్తుంది.